కణాలకు ఏడు వారాల సెలవు

కణాలకి సంచి ఎలా సర్దాలో వరహాలమ్మకి ఎవరూ చెప్పలేదు. అందుకని తనకు తోచినట్టు సర్దింది.

పెద్ద సంచి మొగుడు కామరాజుది. అందులో రెండు లుంగీలు, ఒక తువ్వాలు, పళ్ళపొడి, కాకినాడ నీళ్ళు పడవేమోనని రెండు సీసాల మండపేట నీళ్ళు పెట్టింది. చిన్న సంచి వాటిది. వాటిదంటే, కామరాజు క్లోమంలో కూర్చుని యాభై ఎనిమిదేళ్ళుగా ఇన్సులిన్ తయారుచేస్తున్న కణాలది. ఆ బుధవారం వాటిలో సగాన్ని కాకినాడలో బయటికి తీస్తారు. ఏడు వారాల పాటు పని చెప్పకుండా కూర్చోబెట్టి, ఒంట్లో బలం వచ్చాక మళ్ళీ తెచ్చి ఉన్నచోట పెడతారు. మిగిలిన సగం అంతవరకూ ఇంటిపట్టునే ఉండి, రోజుకి రెండు సూదుల సాయంతో కాలక్షేపం చేస్తాయి. ఇవి వచ్చాక అవి వెళ్తాయి. అది ఒప్పందం.

"ఆ చిన్న సంచిలో ఏం పెట్టావే?" అని అడిగాడు కామరాజు.

"మఫ్లరు."

"ఎవరికి?"

"అక్కడ పగలూ రాత్రీ ఏసీ వేస్తారంటగా. ఇన్నేళ్ళూ మీ కడుపులో వెచ్చగా పడి ఉన్నాయి. ఒక్కసారి చల్లగాలి తగిలితే పడిశం పట్టదా?"

"కంటికి కనపడనివాటికి మఫ్లరేటే?"

"పెట్టె మీద కప్పుతార్లెండి. మీకన్నీ వెటకారమే."

కామరాజు సంచిలో చెయ్యి పెట్టి ఇంకేముందోనని తడిమాడు. కుంకుమ పొట్లం తగిలింది. దానికింద తమ పెళ్ళినాటి ఫోటో తగిలింది.

"అలిసిపోయిన కణాలు తామెవరో మర్చిపోతాయని డాక్టరమ్మ చెప్పిందా లేదా?" అంది వరహాలమ్మ, ఆయన అడగకముందే. "ఎవరింటివో గుర్తుండద్దా?"

"ఇందులో నేను కర్రపుల్లలా ఉన్నాను. చూసి వేరే ఎవరో అనుకుంటాయి."

"పోనీ మీ ఆధార్ కార్డు జిరాక్సు పెట్టనా?"

"అది చూస్తే అసలు తిరిగి రావు."

వరహాలమ్మ నవ్వలేదు. 'తిరిగి రావు' అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. పాలప్యాకెట్టుకి వెళ్ళినా సరే మనిషి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలో నిలబడుతుంది. తమ్ముడు రామచంద్రపురం సంతకని పొద్దున్నే వెళ్ళి, సంతకీ చేరక, ఇంటికీ రాక ముప్పై నాలుగేళ్ళయింది. అప్పటినించీ ఎవరు ప్రయాణమైనా ఆవిడకి భయమే. ఇద్దరు కూతుళ్ళని కాపురానికి పంపిన రోజుల్లో తలో పూటా అన్నం మానేసింది. ఇప్పుడు ఒకేసారి లక్షల్లో ప్రయాణం.

కానీ పంపక తప్పదు. కామరాజు పాకం మాస్టరు. మండపేట బజార్లో సూరన్న మిఠాయి షాపులో ముప్పై ఆరేళ్ళుగా కాజాలకీ జిలేబీకీ పాకం పట్టేది ఆయనే. థర్మామీటర్లు వచ్చాయి, కంప్యూటరు బాణళ్ళు వచ్చాయి, అన్నిటినీ సూరన్న కొన్నాడు, అన్నీ మూల పడ్డాయి. కామరాజు గరిటె చివర వేలితో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, తీగ వచ్చిందో లేదో చెప్పాల్సిందే. ఆ వేళ్ళకే ఇప్పుడు మొద్దుబారుడు పట్టుకుంది. ఎడమ చేతి వేళ్ళకి స్పర్శ రెండేళ్ళ కిందటే పోయింది. కుడి చేతికి ఇంకా తెలుస్తోంది గానీ, తెల్లారగట్ల ఆయన చొక్కా బొత్తాలు కళ్ళతో చూసి పెట్టుకోవడం వరహాలమ్మ గమనించింది. షాపులో ఎవరికీ తెలియదు. చక్కెర ఇలాగే ఉంటే కుడిచెయ్యీ పోతుందని, కణాలు కోలుకుని పనిలో పడితే ఉన్నది నిలబడుతుందని డాక్టరు చెప్పింది.

"ఆ ఫోటో ఉండనియ్యిలే," అన్నాడు కామరాజు, సంచి జిప్పు తనే లాగుతూ.

*

కాకినాడ పరిశోధనశాల ముందు 'కణ విశ్రాంతి గృహం' అన్న బోర్డు ఉంది. లోపల డాక్టర్ సువార్త ఉంది. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఈ విశ్రాంతి పద్ధతి కనిపెట్టింది ఆవిడే. రోగులకి అర్థమయ్యేలా చెప్పాలని మొండిపట్టు ఉన్న మనిషి కూడాను.

"మీ షాపులో పొయ్యిలెన్నండీ?" అని అడిగింది కామరాజుని.

"పన్నెండండి."

"నిప్పంటుకుంటే?"

"నాలుగు డ్రమ్ముల నీళ్ళు, ఇసక బకెట్లు. సూరన్నగారికి భయం ఎక్కువండి."

"మీ కాలేయం కణాలూ అంతే. డ్రమ్ములు పెట్టుకుని కూర్చుంటాయి. ఇన్సులిన్ చేసే కణాలు పాపం అమాయకులు. పన్నెండు పొయ్యిలుంటాయి, చెంబుడు నీళ్ళుంటాయి. మీరు తీపి తిన్నప్పుడల్లా అన్ని పొయ్యిలూ ఒక్కసారి వెలిగించాలి. వెలిగిస్తే రవ్వలు లేస్తాయి. మనం పీల్చే ప్రాణవాయువు లోంచే లేస్తాయి ఆ రవ్వలు. ముందు గోడలకి మసి పడుతుంది. తర్వాత పనివాడి చేతులు కాల్తాయి. ఆఖరికి వాడు వంటే మర్చిపోయి ఓ మూల కూర్చుంటాడు. అలా కూర్చున్నవాళ్ళు కొంతమంది, చచ్చిపోయినవాళ్ళు కొంతమంది. నేను చేసేదల్లా పొయ్యిలు ఆర్పేసి, గోడలు కడిగి, వాళ్ళని నిద్రపోనివ్వడం."

కామరాజు తన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అయితే నేను రుచి చూసిన కాజా కాజాకీ లోపల ఒకడు చెయ్యి కాల్చుకున్నాడన్నమాటండి."

"ఒకడు కాదండి. ఓ పదివేల మంది."

వరహాలమ్మ మొగుడి వైపు చూసిన చూపులో ముప్పై ఆరేళ్ళ కాజాలన్నీ ఉన్నాయి.

సాయంత్రానికి పని అయిపోయింది. కామరాజు పొట్టకి మూడు చిన్న రంధ్రాలు పెట్టారు, మూడు చిన్న ప్లాస్టర్లు వేశారు. సువార్త వరహాలమ్మని ఒక తెర ముందుకి తీసుకెళ్ళింది. తెర నిండా గుండ్రటి గుంపులు, ఉడికిన సగ్గుబియ్యంలా. ఒక్కో గుంపులో వెయ్యికి పైగా కణాలట. రవ్వ లేచిన చోటల్లా ఎర్రగా వెలిగే మందేదో కలిపారు. తెర అంతా కుంపటిలా ఉంది.

"ఎన్ని గుంపులండి?"

"మూడు లక్షల పన్నెండు వేలు."

"రాసివ్వండి."

"ఏంటమ్మా?"

"కాగితం మీద రాసివ్వండి. తిరిగి ఇచ్చేటప్పుడు చూసుకోవాలి కదా."

సువార్త లెటర్‌హెడ్ తీసి రాసిచ్చింది. మఫ్లరు కూడా తీసుకుంది. పెట్టె మీద కప్పనివ్వలేదు గానీ పెట్టె ఉన్న బల్ల కాలికి కట్టింది. ఫోటో తెరకి ఎదురుగా గోడకి అంటించింది. శాస్త్రం దానికి అడ్డు చెప్పదని అంది.

*

విశ్రాంతిలో ఉన్నవాటికి మేత ఇంటినించే వెళ్ళాలి. పరాయి మనిషి రక్తం వాటికి పడదు. అందుకని సోమవారం సోమవారం నూకరాజు వ్యానులో వస్తాడు. వ్యాను నడిపేది, సూది గుచ్చేది అతనే. పరగడుపున కామరాజు చేతినించి రక్తం తీసి, తను తెచ్చిన చిన్న యంత్రంలో వేస్తే, అది గిర్రున తిరిగి ఎర్రదనాన్నీ చక్కెరనీ తీసేసి, పసుపుపచ్చటి నీరు మిగులుస్తుంది. అది పెద్ద సీసాలోకి. రక్తం గడ్డకట్టకుండా వేసే మందు తెచ్చే గోధుమరంగు చిన్న సీసా ఖాళీ అవుతుంది. రెండిటినీ చల్లటి పెట్టెలో పెట్టుకుని అతను వెళ్ళిపోతాడు.

దానికి వరహాలమ్మ పెట్టిన పేరు క్యారేజీ.

"క్యారేజీ ఆలస్యమైతే అవి గోల చేస్తాయా నూకరాజూ?"

"గోల చెయ్యవండి పిన్నిగారూ. నిద్దరోతన్నాయి కదండి."

"లేచాక ఆకలేస్తుంది కదా."

"ఆయ్, లేపకూడదంటారండి డాక్టరుగారు."

మొదటి గురువారం వరహాలమ్మ బస్సెక్కి కాకినాడ వెళ్ళి తెర చూసి వచ్చింది. ఎరుపు కొంచెం తగ్గింది. రెండో గురువారం ఇంకా తగ్గింది. అక్కడక్కడా ఒక్కో నిప్పుకణిక తప్ప తెరంతా చీకటి. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని వాటితో మాట్లాడింది. అయ్యగారు బాగానే ఉన్నారని, మీరు లేని లోటు తెలుస్తోందని, ఈ మధ్య తీపి ముట్టుకోవడం లేదని, అంటే నిన్న ఒక్కటి ముట్టుకున్నారని, చెప్పాల్సినవన్నీ చెప్పింది.

"వాటికి వినపడదమ్మా," అంది సువార్త వెనకనించి.

"వినపడకపోతే పోనీండి. వచ్చి చూసి పలకరించకుండా వెళ్తే బాగుంటుందా?"

సువార్త తన పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత అంది, "ఏడు వారాలు ఒక్క పలుకు చక్కెర తగలకుండా చూస్తే చాలు. మీవి చాలా తొందరగా కోలుకుంటున్నాయి."

ఆ మాట వరహాలమ్మ బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పింది. మావాళ్ళు చాలా తొందరగా కోలుకుంటున్నారు అని. ఎవరని అడిగితే, మూడు లక్షల మంది అంది. ఆ మనిషి రామచంద్రపురం రాకముందే సీటు మారిపోయింది.

*

మూడో సోమవారం నూకరాజు దవడ వాచి వచ్చాడు. జ్ఞానదంతం. మాట సగం లోపలే ఉండిపోతోంది. రక్తం తీశాడు, యంత్రం తిప్పాడు, ఆ తర్వాత నొప్పికి కళ్ళు మూసుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు.

"లవంగం పెట్టుకో," అని తెచ్చిచ్చింది వరహాలమ్మ.

"పిన్నిగారూ, ఆ రెండు సీసాలూ కాస్త పెట్టెలో పెట్టేత్తారా," అన్నాడు నూకరాజు, లవంగం కింద నలుగుతున్న మాటలతో.

ఆవిడ పెద్ద సీసా పెట్టింది. చిన్న సీసా చేతిలోకి తీసుకుంది. అది ఖాళీగా ఉంది.

ఇక్కడ వరహాలమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ వంటింట్లోంచి ఖాళీ గిన్నె తిరిగి వెళ్ళడం ఎవరూ చూడలేదు. పక్కింటివాళ్ళు పప్పు పంపిన గిన్నెలో బెల్లంముక్క వేసి పంపుతుంది. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర. టెంటుహౌసు వాళ్ళ గుండిగలో సైతం చక్కెర చిలకరించి గాని అప్పగించదు. ఒకసారి ఖాళీ గ్యాసు బండ మీద రెండు అరటిపళ్ళు పెట్టి పంపిన మనిషి. వాళ్ళమ్మ అలా చేసేది, వాళ్ళ అమ్మమ్మ అలా చేసేది. ఇన్నాళ్ళూ నూకరాజే సీసాలు సర్దుకునేవాడు గనక ఆవిడ చూడలేదు. ఇప్పుడు ఖాళీ సీసా చేతిలో ఉంది, అదీ మన వాళ్ళు ఉంటున్న చోటికి వెళ్తున్న సీసా.

పైగా డాక్టరమ్మ అంత సేవ చేస్తోంది. ఆవిడ కాఫీలోకైనా పనికొస్తుంది.

ఒక చెంచాడు చక్కెర, డబ్బా అంచుకి గీసి తలగొట్టి, గోధుమరంగు సీసాలో పోసి, మూత బిగించి, పెట్టెలో పెట్టి, దండం పెట్టింది.

*

మర్నాడు పొద్దున్నే సువార్త ఫోను చేసింది. వెంటనే రమ్మంది. ఎందుకో చెప్పలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ మొదటి బస్సెక్కి కాకినాడ చేరారు.

తెర నిండా ఎరుపు. మొదటి రోజు చూసిన కుంపటి దీని ముందు ఏపాటిది. సగ్గుబియ్యం గింజలు ఒక్కొక్కటే పగిలి పలచబడుతున్నాయి. తెర పక్కన నూకరాజు దవడకి తువ్వాలు కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు.

"చక్కెర తీసే యంత్రం సరిగ్గా తిప్పలేదు నువ్వు," అంటోంది సువార్త. "నొప్పిగా ఉంటే రానని చెప్పాలి. కమిటీకి నేనేం రాయాలిప్పుడు?"

"తిప్పేనండి మేడమ్," అంటున్నాడు నూకరాజు. "తిప్పినట్టే గురుతండి."

వరహాలమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "డాక్టరమ్మా, ఆ చిన్న సీసా కూడా వాటికి పోస్తారా?"

"మిషను రెండు సీసాలూ తీసుకుని పోస్తుందమ్మా. చిన్నదాంట్లో మందు మిగిలినా మంచిదే, చుక్క వృథా కాకూడదని."

"అయితే ఆ అబ్బాయిని ఏమీ అనకండి. అందులో చక్కెర వేసింది నేను."

సువార్త నూకరాజుని వదిలి ఆవిడ వైపు తిరిగింది.

"ఎందుకమ్మా?" అంది. కోపం కూడా రాలేదు ఆవిడకి, అంత ఆశ్చర్యపోయింది.

"ఖాళీగా ఎలా పంపనండి?"

"ఖాళీ సీసా ఖాళీగా కాక ఎలా పంపుతారమ్మా?"

"ఏదో మర్యాదకి. మీ కాఫీలోకి పనికొస్తుందని."

కామరాజు గోడకి చేరబడి నవ్వడం మొదలుపెట్టాడు. కుట్లు నొప్పెట్టి పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. "చూశారా డాక్టరుగారూ, నాకు చక్కెరజబ్బు ఎందుకొచ్చిందని రెండేళ్ళనించి వెతుకుతున్నారు కదండి. దొరికిందండి." నవ్వుతూనే తెర వైపు చూశాడు. నవ్వు సన్నగిల్లి ఆగిపోయింది.

"ఎంత వేశారు?" అంది సువార్త.

"చెంచాడండి. కాఫీ చెంచా. తలగొట్టే వేశాను, మరీ మీకు చెడు చేస్తానా."

నూకరాజు మొదటిసారి తలెత్తాడు. "పిన్నిగారూ, నా ఉజ్జోగం నిలబెట్టేరండి," అన్నాడు. లవంగం ఇంకా నోట్లోనే ఉంది.

శుక్రవారానికి మూడు లక్షల పన్నెండు వేలలో పదకొండు వేలు మిగిలాయి. వరహాలమ్మ ఆ మూడు రోజులూ పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు. తన చేత్తో చంపినట్టే అంది. కామరాజు ఓదార్చడానికి, మిగతా సగం నా దగ్గరే ఉన్నాయి కదే అన్నాడు. వాటికి మాత్రం నా మొహం ఎలా చూపించను అంది ఆవిడ.

*

దీపావళి దగ్గరపడింది. షాపులో పన్నెండు పొయ్యిలూ తెల్లారగట్ల నాలుగింటికే వెలుగుతున్నాయి. కామరాజు కుట్లు ఆరకుండానే పనిలోకి దిగాడు, వద్దన్నా వినలేదు.

నరక చతుర్దశి నాడు సూరన్న ఫోను చేశాడు. కామరాజు స్నానంలో ఉంటే వరహాలమ్మ ఎత్తింది.

"అమ్మా, మాస్టారు లేరా? ఏమీ లేదండి, ఒక మాట అడగాలి. ఈసారి కాజాతో పాటు సుత్తి కూడా ఇద్దామా అని."

"ఏమైంది బాబూ?"

"ఏడిద ఊరినించి ఒకాయన వచ్చి పన్ను చేతిలో పట్టుకుని నిలబడ్డాడండి. ముప్పై ఆరేళ్ళలో మాస్టారి పాకం ముదరడం ఇదే మొదలు. ఒంట్లో ఎలా ఉందండి ఆయనకి?"

స్నానం చేసి వచ్చిన కామరాజుకి విషయం చెప్పకుండా ఉండలేకపోయింది. ఆయన తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు.

"తీగ వచ్చింది అనుకున్నాను," అన్నాడు. "వచ్చేసి, దాటిపోయింది. నా వేళ్ళకి రెండూ ఒక్కలాగే ఉన్నాయే."

ఆ సాయంత్రమే షాపుకి వెళ్ళి సూరన్నకి ఉన్నమాట చెప్పేశాడు. సూరన్న పెద్దమనిషి. మీరు పాకం దగ్గర ఎన్నాళ్ళు నిలబడగలిగితే అన్నాళ్ళు నిలబడండి, నేను నా పళ్ళు చూసుకుంటాను అన్నాడు.

*

పండగ వెళ్ళిన రెండు వారాలకి సువార్త తనే మండపేట వచ్చింది. వరహాలమ్మ గుమ్మంలో చూసి, తిట్టడానికే వచ్చిందనుకుని, తిట్టించుకోవడానికి సిద్ధమై కాఫీ కలిపింది. చక్కెర వేయాలో వద్దో తెలియక చెంచా పట్టుకుని నిలబడింది.

"వెయ్యండమ్మా," అంది సువార్త. "మీ చక్కెర గురించి మాట్లాడటానికే వచ్చాను."

మిగిలిన పదకొండు వేల గుంపులూ ఎర్రబడటం మానేశాయట. అనుమానం వచ్చి ఇంకొంచెం చక్కెర పోసి చూసింది. పొయ్యిలన్నీ వెలిగాయి, ఇన్సులిన్ ధారగా వచ్చింది, రవ్వ మాత్రం లేవలేదు. రెట్టింపు పోసింది. లేవలేదు.

"చెంబుడు నీళ్ళు ఉండేవి కదండీ. వీళ్ళు ఎక్కడినుంచో డ్రమ్ములు సంపాదించుకున్నారు. రెండు వారాలు నిద్రపోయి, ఒంట్లో శక్తి ఉన్నప్పుడు ఒక్కసారి మంట చూశారు. చాలామంది కాలిపోయారు. మిగిలినవాళ్ళు నేర్చుకున్నారు. విశ్రాంతిలో ఉన్నవాటికి చక్కెర ఇవ్వాలని బుద్ధున్న వాళ్ళెవరికీ తోచదు."

"నాకు తోచిందండి," అంది వరహాలమ్మ దిగులుగా.

"వేరే నలుగురి కణాలతో చేసి చూశాను. అదే మూడో వారం, అదే చెంచా. అన్నీ చచ్చిపోయాయి. మీవాళ్ళు ఏం చేశారో తెలియాలి."

"అడిగి చూడండి."

"అడగాలంటే పగలగొట్టి లోపల చూడాలమ్మా. ఒక్కోదాన్ని ఒక్కసారే చూడగలం. ఎన్ని కావాలో ముందు తెలియదు. అన్నీ కావాల్సి రావచ్చు." కప్పు కింద పెట్టింది. "లేదంటే ఈ వారమే తిరిగి లోపల పెట్టేస్తాను. అవి మీవి. పెడితే కామరాజుగారికి సూదులు దాదాపు మానేయొచ్చు. కుడిచేతిలో ఉన్న స్పర్శ ఉంటుంది. ఒకసారి పెట్టాక మాత్రం మళ్ళీ బయటికి తియ్యలేను. మరీ తక్కువ ఉన్నాయి. ఈ రెండిట్లో ఏది చెయ్యమన్నా చేస్తాను. నేను అడిగానని మొహమాటపడకండి."

"ఇంటికే తెచ్చెయ్యండి," అంది వరహాలమ్మ, ఆలోచించకుండా. "ఎన్ని మిగిలితే అన్ని."

సువార్త తలూపింది. వాదించలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయింది.

కామరాజు గుమ్మందాకా సాగనంపాడు. ఆవిడ ఎక్కిన వ్యాను మలుపు తిరిగాక అన్నాడు, "గురువారం నువ్వు వెళ్ళి చూసిరా ఒకసారి."

"మీరేమంటారు?"

"నాకేం తెలుసే. నా కడుపులో ఉన్నన్నాళ్ళూ నేను వాటిని పలకరించిన పాపాన పోలేదు. వాటితో మాటామంతీ ఉన్నది నీకే."

గురువారం పరిశోధనశాల వరండాలో ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో సంచి. చివర కూర్చున్న ఆవిడ ద్రాక్షారం మనిషి, మొగుడు లారీ డ్రైవరు, కళ్ళు మసకబారి లారీ వదిలేశాడు. సువార్త చక్కెర పోసి చూసిన నలుగురిలో అతనొకడు.

"చక్కెర వేసినావిడ మీరేనా అండి?" అని అడిగింది ఆ మనిషి.

వరహాలమ్మ తిట్టు కోసం చూసింది. "నేనేనండి."

"మీవి బతికినాయంట కదండి."

"కొన్ని బతికాయండి."

"ఎలా బతికాయో తెలుస్తాదా అండి?"

ఉండండి, చూసొస్తానంది వరహాలమ్మ. లోపలికి వెళ్ళి తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర నల్లగా, ప్రశాంతంగా ఉంది. గుంపులు పల్చగా, దూరదూరంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ గట్టి గింజలా. ఆ రోజు ఆవిడ ఏమీ మాట్లాడలేదు. గంటసేపు చూసింది. తర్వాత సువార్త గదిలోకి వెళ్ళింది.

"పగలగొడితే నొప్పి ఉంటుందా వాటికి?"

"లేదమ్మా. క్షణం పట్టదు."

"సోమవారం చెయ్యండి. ఏడున్నరనించి తొమ్మిదిదాకా రాహుకాలం. అది పోయాక."

"అలాగే," అంది సువార్త. చర్చికి వెళ్ళే మనిషి అయినా గోడ మీది క్యాలెండరులో రాహుకాలం అని రాసుకుని చుట్టూ గీత గీసింది. "కామరాజుగారితో ఒకసారి మాట్లాడి…"

"ఆయన పంపితేనే వచ్చాను. మాటలు రాక నన్ను పంపుతాడు, ఆయన సంగతి నాకు తెలీదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "బయట ఆ ద్రాక్షారం ఆవిడకి ఏం జవాబు చెప్పాలో తోచక వచ్చానండి మీ దగ్గరికి. తెలుస్తుంది అని చెప్పనా?"

"తెలుస్తుందని నా నమ్మకం. అంతవరకు చెప్పండి."

వరహాలమ్మ వరండాలోకి వెళ్ళి అంతవరకే చెప్పింది.

ఇంటికొచ్చి కామరాజుతో చెప్తే ఆయన సరేనన్నాడు. తర్వాత, "ఆ ఫోటో అడిగి తెచ్చుకోకపోయావా," అన్నాడు. మర్చిపోయానంది ఆవిడ. నిజానికి మర్చిపోలేదు.

సంక్రాంతి లోపలే కామరాజు పాకం బాణలి దగ్గరనించి లేచి గల్లా పక్కన అట్టపెట్టెలు కట్టే బల్ల దగ్గరికి మారాడు. రోజుకి రెండు సూదులు మూడయ్యాయి. ముళ్ళు వదులుగా కడుతున్నారని సూరన్న విసుక్కుంటే, సుత్తి కన్నా నయం కదండి అంటాడు. సువార్త రెండో సగాన్ని ఇంకా పిలవలేదు, వరహాలమ్మ ఇంకా పంపలేదు. ఆవిడ దగ్గర లెటర్‌హెడ్ మీద రాసిన లెక్క ఒకటే ఉంది.

రెండువేల నలభై ఒకటి సెప్టెంబరు ఇరవై అయిదు, బుధవారం నాడు బయలుదేరిన మూడు లక్షల పన్నెండు వేల గుంపుల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. మూడు లక్షల ఒక వెయ్యి అక్టోబరు పద్దెనిమిది, శుక్రవారం లోపల పోయాయి. ఆఖరి పదకొండు వేలు నవంబరు పద్దెనిమిది, సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి పగలగొట్టడం మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోయాయి.